వైద్యం: సేవా? సరకా?

పాఠ్యభాగ ఉద్దేశం

జబ్బు చేసినవాడికి చికిత్స అందించవలసిన బాధ్యత ఎవరిది? అది ప్రభుత్వం నెరవేర్చవలసిన కర్తవ్యమా? లేక తక్కిన వస్తువులవలె అంగడిలో ఎవరి స్తోమతను బట్టి వారు కొనుక్కోవలసినదా? ప్రపంచ దేశాలన్నింటిలోను సాగుతున్న ఈ వాదాన్ని విద్యార్థులకు పరిచయం చేసి, తెలుగు రాష్ట్రాల అనుభవం ఆధారంగా వారు స్వయంగా ఆలోచించేటట్లు చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1992 జూలై 8వ తేదీ రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో ఒక వ్యవసాయ కూలీ కదులుతున్న రైలు నుండి జారిపడ్డాడు. తలకు బలమైన గాయమైంది. మెదడులో రక్తస్రావం మొదలైంది. వెంట ఉన్నవారు అతణ్ణి సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చారు. అక్కడ తగిన సౌకర్యాలు లేవు. కలకత్తాకు తీసుకొనిపోయారు. అర్ధరాత్రి వేళ ఒక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, తక్షణం చేర్చుకోవలసిన స్థితేనని నిర్ధారించారు. కాని మంచం ఖాళీ లేదన్నారు. రెండవ ఆసుపత్రిలోను అదే మాట వినిపించింది. ఆ తరువాతి చోటా అదే. ఇలా నగరంలోని ప్రభుత్వ వైద్యశాలల గుమ్మాలు ఒకదాని తరువాత ఒకటి ఎక్కి దిగిన పిమ్మట, గత్యంతరం లేక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రెండు వారాల చికిత్సకు సుమారు 17,000 రూపాయలు ఖర్చయింది. ప్రాణం దక్కింది.

అతడు సభ్యుడుగా ఉన్న వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 1996 మే నెలలో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అత్యవసర స్థితిలో ఉన్న రోగికి ప్రభుత్వాసుపత్రి సకాలంలో చికిత్స నిరాకరించడమంటే, రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని స్పష్టం చేసింది. నిధుల కొరతను సాకుగా చూపి ప్రభుత్వం ఈ బాధ్యత నుండి తప్పుకోజాలదని కూడ చెప్పింది. బాధితునికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

ఈ ఒక్క ఉదంతాన్ని చేతబట్టుకొని ఇరుపక్షాలవారూ వాదించవచ్చు. “చూశారా, ప్రభుత్వం నడిపే ఆసుపత్రుల తీరు! చివరకు ప్రాణం నిలిపినది ప్రైవేటు ఆసుపత్రే కదా!” అని ఒకరంటారు. “ఆ 17,000 రూపాయలు పుట్టని కూలీ గతి ఏమిటి? చికిత్స అతని హక్కు అని కోర్టు చెప్పవలసి వచ్చింది కదా!” అని మరొకరంటారు. ఇద్దరి మాటలోను నిజం ఉన్నది. అందుకే ఈ వాదం ఇంతకాలమైనా తెగకుండా ఉన్నది.

తెలుగునాట పల్లెజనం ప్రభుత్వాసుపత్రిని చాలాకాలం ‘ధర్మాసుపత్రి’ అని పిలిచారు. ఈ మాటను కొంచెం తరచి చూడాలి. ధర్మమనగా కర్తవ్యం, ధర్మమనగా దానం కూడ. “ధర్మం చేయండి బాబూ” అని యాచకుడు అడిగేది రెండవ అర్థంలో. పేదవాడు ధర్మాసుపత్రి మెట్లెక్కినప్పుడు తనకు రావలసినదాన్ని అడుగుతున్నానని కాక, ఎవరో దయతో పెట్టినదాన్ని పుచ్చుకొంటున్నానని భావించాడు. మందులు లేవంటే మారుమాటాడక వెనుదిరిగాడు. స్ట్రెచరు తోసినవాని చేతిలో పది రూపాయలు పెట్టాడు. దానమిచ్చేవారిని ఎవరు నిలదీస్తారు? ప్రభుత్వ వైద్యంలోని లోపాలకు మూలం కొంతవరకు ఈ భావనలోనే ఉన్నదని చెప్పవచ్చు.

ప్రభుత్వమే ప్రజలందరికీ వైద్యం అందించాలన్న ఆలోచన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బలం పుంజుకొన్నది. బ్రిటన్‌లో 1942లో వెలువడిన బెవరిడ్జి నివేదిక దానికి భూమిక వేసింది. 1948 జూలై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైంది. దాని నిర్మాత, నాటి ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్, వేల్స్‌లో పుట్టినవాడు. బాల్యంలోనే బొగ్గుగనిలో పనికి దిగినవాడు. అతని స్వస్థలమైన ట్రెడీగర్‌లో గని కార్మికులు తమ వేతనం నుండి కొద్దికొద్దిగా చందా వేసుకొని వైద్యులను నియమించుకొన్నారు. ఊరి చందాను దేశం పన్నుగా మార్చడమే అతడు చేసినది. అప్పుడు కూడ ఖర్చు అనుకొన్నదానికి మించింది. కట్టుడు పళ్ళకు, కళ్ళద్దాలకు రుసుము విధించాలని ప్రభుత్వం నిర్ణయించగా, బెవన్ 1951లో మంత్రిపదవికి రాజీనామా చేశాడు. ఉచితమన్న మాటకు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వెల కట్టవలసిందేనన్న సత్యం మూడేళ్ళకే బయటపడింది.

మన దేశంలోను దాదాపు అదే సమయంలో ఇటువంటి ఆలోచనే సాగింది. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో నివేదిక సమర్పించింది. డబ్బు చెల్లించలేని కారణంగా ఏ వ్యక్తికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది దాని మూలసూత్రం. ఈనాడు మనం చూస్తున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బీజం ఆ నివేదికలోనే ఉన్నది. రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం కర్తవ్యాలలో ఒకటిగా పేర్కొన్నది. సూత్రం గొప్పదే. దానికి తగిన ధనం మాత్రం ఏ పంచవర్ష ప్రణాళికలోను సమకూరలేదు. బ్రిటన్ సూత్రాన్నీ సొమ్మునూ కలిపి తీసుకొన్నది. మనం సూత్రాన్ని మాత్రమే స్వీకరించాం.

ఆ ఖాళీలోకి ప్రైవేటు వైద్యం ప్రవేశించింది. పల్లెల్లో ‘ఆర్‌ఎంపీ డాక్టరు’ సైకిలు మీద ఇంటికే వచ్చి సూది వేశాడు. (రిజిస్టరు అయిన వైద్యుడని ఆ పేరుకు అర్థం, ఏ రిజిస్టరులోను పేరు లేనివారికే ఆ పేరు స్థిరపడడం ఒక వింత.) పట్టణాల్లో నర్సింగ్‌హోములు వెలిశాయి. చిత్తూరు జిల్లాలో జన్మించిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని నెలకొల్పారు. గుండె శస్త్రచికిత్సకు విదేశాలకు పోవలసిన అగత్యం కలవారికి తప్పింది. కొన్నేళ్ళకే హైదరాబాదు కార్పొరేటు వైద్యానికి పేరుపొందిన నగరమైంది.

స్వేచ్ఛా విపణిని సమర్థించేవారి వాదాన్ని ఇక్కడ సానుభూతితో వినాలి. వారు పేదలపై కనికరం లేనివారని అనుకోవడం పొరపాటు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ప్రచురించిన గ్రంథంలో, వైద్యవృత్తికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సునే ఆక్షేపించాడు. లైసెన్సు పేరుతో వైద్యుల సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే రుసుము పెరుగుతుంది, నష్టపోయేది రోగి. ఇదీ అతని తర్కం. పోటీ ఉన్నచోట వెల తగ్గుతుంది, నాణ్యత పెరుగుతుంది. తన జేబులోని డబ్బు ఖర్చు చేసేవాడు ఆచితూచి ఖర్చు చేస్తాడు. నెల తిరిగేసరికి జీతం చేతికందే ఉద్యోగికి రోగి భారం. రోగి వస్తేనే ఆదాయం వచ్చే వైద్యునికి రోగి దేవుడు. మధ్యాహ్నానికే తాళం పడిన ఆరోగ్య కేంద్రాన్ని, రాత్రి పదింటికీ తెరచి ఉన్న ప్రైవేటు క్లినిక్కును ఒకే వీధిలో చూచినవారు ఈ మాటను తేలికగా కొట్టివేయలేరు.

పోటీ వలన వెల తగ్గుతుందనడానికి మన కళ్ళముందే ఒక నిదర్శనం ఉన్నది. అది మందుల పరిశ్రమ. 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరొక పద్ధతిలో అదే మందును ఎవరైనా తయారు చేయవచ్చు. దానితో అనేక సంస్థలు పోటీపడ్డాయి. మందుల ధరలు దిగివచ్చాయి. అయితే ఈ కథకు రెండవ పార్శ్వం కూడ ఉన్నది. హైదరాబాదు మందుల పరిశ్రమకు పుట్టినిల్లు ప్రభుత్వరంగ సంస్థ అయిన ఐ.డి.పి.ఎల్. అక్కడ పనిచేసి అనుభవం గడించిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. శిక్షణ ప్రభుత్వానిది, చట్టం ప్రభుత్వానిది, పోటీ అంగడిది. ధర తగ్గించిన ఘనతను ఏ ఒక్కరికో కట్టబెట్టడం సాధ్యం కాదు.

ఇంతకూ వైద్యం తక్కిన సరకుల వంటిదేనా? ఈ ప్రశ్నకు కెనెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త 1963లో రాసిన వ్యాసంలో ఇచ్చిన సమాధానం నేటికీ చర్చలన్నింటికీ ఆధారంగా నిలిచింది. ఆయన 1972లో నోబెల్ పురస్కారం అందుకొన్నాడు. ఆయన ఆలోచనను మన అనుభవంలోని ఉదాహరణతో చూద్దాం.

పెళ్ళికి పట్టుచీర కొనడానికి ధర్మవరం వెళ్ళిన ఇల్లాలిని ఊహించండి. ఆమె చీర మడత విప్పి చూస్తుంది. అంచును వేళ్ళతో నలిపి చూస్తుంది. జరీ అసలుదో కాదో కనిపెడుతుంది. దుకాణదారుడు చెప్పిన ధరలో సగానికి అడుగుతుంది. అతడు ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి పోతుంది. ఏదీ నచ్చకపోతే “వచ్చే నెలలో చూద్దాం లే” అని ఇంటికి తిరిగి వస్తుంది. ఆ అంగడిలో ఆమెదే పైచేయి.

అదే ఇల్లాలు ఛాతీనొప్పితో మెలికలు తిరుగుతున్న భర్తను ఆసుపత్రికి తెచ్చింది. “రక్తనాళం పూడుకుపోయింది, వెంటనే స్టెంటు వేయాలి” అన్నారు. ఆ నాళాన్ని ఆమె చూడలేదు, చూచినా తెలియదు. స్టెంటు అవసరమో కాదో చెప్పేవాడు, దాన్ని అమ్మేవాడు ఒక్కడే. బేరమాడే వ్యవధి లేదు. పక్క ఆసుపత్రికి పోయే ధైర్యం లేదు. “వచ్చే నెలలో చూద్దాం” అనే వీలు అసలే లేదు. చికిత్స తరువాత భర్త కోలుకొంటే అది స్టెంటు వల్లనో, మందుల వల్లనో ఆమెకు ఎన్నటికీ తెలియదు. కొనేవానికి సరకు గురించి తెలియకపోవడం, అమ్మేవాడే అవసరాన్ని నిర్ణయించడం, వద్దనుకొనే స్వేచ్ఛ లేకపోవడం, ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడు అంగడి న్యాయం పనిచేయదు. వైద్యుడు దుర్మార్గుడు కానక్కరలేదు. సందేహం కలిగినప్పుడు ఆదాయం ఎటు ఉంటే తీర్పు కొంచెం అటు మొగ్గుతుంది. అంతే చాలు.

బీమా ఉంటే ఈ చిక్కు తీరుతుందని కొందరంటారు. బీమాలో మరొక చిక్కున్నది. జబ్బు వచ్చే సూచన ఉన్నవారే బీమా కోసం ఆత్రపడతారు. వారి చికిత్సలకు ఖర్చు పెరిగేకొద్దీ సంస్థ ప్రీమియం పెంచుతుంది. ప్రీమియం పెరిగినకొద్దీ ఆరోగ్యవంతులు తప్పుకొంటారు. చివరకు రోగులే మిగులుతారు. ఇది గ్రహించిన సంస్థ ముందుగానే వృద్ధులను, మధుమేహం ఉన్నవారిని ఏదో ఒక నెపంతో దూరం పెడుతుంది. అవసరం ఎక్కువ ఉన్నవానికి అమ్మడానికి ఇష్టపడని సరకు లోకంలో ఇదొక్కటేనేమో! స్వేచ్ఛకు పెట్టింది పేరైన అమెరికా కూడ 1965లో 65 ఏళ్ళు దాటినవారికి మెడికేర్‌ను, పేదలకు మెడికెయిడ్‌ను ప్రభుత్వ ధనంతో ఏర్పాటు చేయవలసి వచ్చింది. పాతజబ్బు ఉన్నదన్న కారణంతో బీమాను నిరాకరించరాదని 2010లో చట్టం చేసింది. జాతీయోత్పత్తిలో ఆరవ వంతుకు పైగా వైద్యానికి ఖర్చు చేస్తున్నా, అక్కడి సగటు ఆయుర్దాయం జపాన్, కెనడా, బ్రిటన్‌ల కన్నా తక్కువ. అయితే పన్ను రాయితీలు, ప్రభుత్వ పథకాలు, బీమా నియమాలు ఇన్ని పెనవేసుకొన్న అమెరికాను స్వేచ్ఛా విపణికి అచ్చమైన నమూనాగా చూపడం న్యాయం కాదు. బ్రిటన్‌లో శస్త్రచికిత్సకు నెలల తరబడి వేచి ఉండవలసిన స్థితిని కూడ మరువరాదు. ధర లేనిచోట వరుస పెరుగుతుంది.

ఇక అంగడి అసలే చేపట్టని పనులు కొన్ని ఉన్నాయి. మశూచికి చివరి రోగి మన దేశంలో 1975లో కనిపించాడు. 2011 జనవరి తరువాత సహజ (వైల్డ్) పోలియో కేసు నమోదు కాలేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ఇంటింటికీ తిరిగి పసిబిడ్డల నోట రెండు చుక్కలు వేసిన కార్యకర్తలకు ఏ లాభమూ లేదు. ఆ చుక్కల ఫలితం వేసుకొన్న బిడ్డకే కాక ఊరందరికీ చెందింది. అందరికీ చెందేదానికి ఎవరూ విడిగా వెల చెల్లించరు. కావున ప్రభుత్వమే పూనుకోవాలి. ఈ విషయంలో ఫ్రీడ్‌మన్ అనుయాయులకు కూడ పెద్దగా భేదాభిప్రాయం ఉండదు.

అసలు వాదం ఆసుపత్రి వైద్యం దగ్గర వస్తుంది. ఇక్కడ మనం సాధారణంగా రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేస్తుంటాం. డబ్బు ఎవరు చెల్లించాలి అన్నది ఒకటి. చికిత్స ఎవరు చేయాలి అన్నది మరొకటి. ప్రభుత్వమే చెల్లించి, ప్రభుత్వమే చికిత్స చేయవచ్చు. రోగే చెల్లించి, ప్రైవేటు వైద్యుడు చికిత్స చేయవచ్చు. ప్రభుత్వం చెల్లించగా ప్రైవేటు ఆసుపత్రి చికిత్స చేయడం మూడవ మార్గం. ఈ మూడవ మార్గాన్ని భారీయెత్తున పరీక్షించిన ప్రయోగశాల మన ఆంధ్రప్రదేశ్.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైంది. నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు. 2008లో పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు శస్త్రచికిత్సలకు, పెద్ద జబ్బులకు అప్పట్లో ప్రభుత్వం చెల్లించేది. జాబితాలోని ఆసుపత్రులలో రోగి తనకు నచ్చినదానికి పోవచ్చు. గుమ్మం దగ్గర ‘ఆరోగ్యమిత్ర’ ఎదురై కాగితాలు చూస్తాడు. ప్రతి చికిత్సకు ముందే ధర నిర్ణయించి ఉంటుంది. శస్త్రచికిత్సకు ముందు ట్రస్టు అనుమతి పొందాలి. తొలుత బీమా సంస్థ ద్వారా నడచిన చెల్లింపులు కాలక్రమంలో ట్రస్టు చేతికి వచ్చాయి.

ఈ పథకం సాధించినది స్వల్పం కాదు. అంతకుముందు గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స చేయించాలంటే కూలీ కుటుంబం ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి. ఎమ్మెల్యే సిఫారసు లేఖ కోసం తిరగాలి. ఉన్న ఎకరం అమ్ముకోవాలి. ఆరోగ్యశ్రీతో ఆ బిడ్డ చేతిలోని కార్డే సిఫారసు లేఖ అయింది. అద్దాల మేడ వంటి ఆసుపత్రిలోకి పంచెకట్టుతో నడచిపోయిన రైతు దానమడిగేవానివలె కాక హక్కుదారునివలె నిలబడ్డాడు. అందుకే 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత రెండుచోట్లా ప్రభుత్వాలు మారినా, పథకం పేరు మారినా, పథకం మాత్రం నిలిచింది. కేంద్రం 2018 సెప్టెంబరులో కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్ ప్రారంభించినది కూడ ఈ దారిలోనే. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి.

మరి లోపమెక్కడ? ఆరో చెప్పిన చిక్కు ఇక్కడా తీరలేదు. చెల్లించేవాడు మారాడు, అవసరాన్ని నిర్ణయించేవాడు మారలేదు. గర్భసంచి తొలగించే శస్త్రచికిత్సలు అవసరానికి మించి జరుగుతున్నాయన్న ఆందోళన పథకం మొదలైన కొద్ది ఏళ్ళకే తలెత్తింది. ముప్ఫయ్యేళ్ళు నిండని కూలీ స్త్రీలకు “క్యాన్సరు వస్తుంది” అని భయపెట్టి ఆపరేషను చేసిన ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. చివరకు ప్రభుత్వం ఈ శస్త్రచికిత్సను ప్రభుత్వాసుపత్రులకు కేటాయించవలసి వచ్చింది. ఇటువంటి అభియోగాలే బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల నుండి సుప్రీంకోర్టు వరకు వెళ్ళాయి. 2023 ఏప్రిల్‌లో కోర్టు మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. మరొకవైపు ప్రభుత్వం నుండి బకాయిలు రాలేదని జాబితాలోని ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు రెండు రాష్ట్రాలలోను పలుమార్లు వచ్చాయి. అప్పుడు కార్డు చేతబట్టుకొన్న రోగి మళ్ళీ గుమ్మం బయటనే.

అంతకన్నా లోతైన చిక్కు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపిస్తుంది. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి వ్యాపించింది. దాని కారణం ఇంకా నిర్ద్వంద్వంగా తేలలేదు. పథకం మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటని చెప్పుకొన్నాం. రోగికి మూత్రపిండాలు చెడిపోయిన తరువాత వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయడానికి డబ్బు చెల్లించే ఏర్పాటు ఉన్నది. చెడిపోకముందే గ్రామంలో రక్తపరీక్ష చేసి హెచ్చరించడం, కారణం వెదకడం, మంచినీరు ఇవ్వడం, ఇవేవీ ఆసుపత్రికి చెల్లించే ధరల పట్టికలో ఉండవు. పలాసలో రెండు వందల పడకల మూత్రపిండాల ఆసుపత్రి, ఆ ప్రాంతానికి మంచినీటి పథకం 2023 డిసెంబరులో గాని ప్రారంభం కాలేదు. శస్త్రచికిత్సకు ఫొటో ఉంటుంది. రాకుండా ఆగిన జబ్బుకు ఫొటో ఉండదు. ఎన్నికలు ఎదుర్కొనే ఏ ప్రభుత్వానికైనా ఇది తప్పని ప్రలోభం.

పేదల ఇంటిని గుల్లచేసేది ఒక్క ఆపరేషనే కాదు. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు, పదేపదే చేయించే పరీక్షలు నెలనెలా పీల్చివేస్తాయి. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు జేబు నుండి నేరుగా ఇచ్చుకొన్నది 2013–14లో 64.2 శాతం. 2021–22 నాటికి ఇది 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే, అయినా నూటికి దాదాపు 40 రూపాయలు. 2017–18 జాతీయ నమూనా సర్వే మరొక సంగతి తెలిపింది. ఒకసారి ఆసుపత్రిలో చేరితే అయ్యే సగటు ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. జబ్బు తీవ్రతలో తేడా ఉండవచ్చు. కాని ఏడు రెట్ల తేడాను తీవ్రత ఒక్కటే వివరించలేదు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడడానికి వీలు కలిగిందంటే, ప్రభుత్వాసుపత్రి అనేది ఒకటి ఉన్నందువల్లనే. ఈ పాఠంలో ముఖ్యంగా గమనించవలసినది ఇదే. సొంతంగా ఒక్క మంచమైనా లేని ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రి చెప్పిన ధరకు తల ఊపవలసిందే. మోకాలి ఆపరేషనుకు నిజంగా ఎంత ఖర్చవుతుందో దానికి ఎలా తెలుస్తుంది? వందమంది గర్భిణులలో ఎందరికి సిజేరియన్ అవసరమో ఎవరు చెప్తారు? తానే స్వయంగా చేసి చూచినవాడికే లెక్క తెలుస్తుంది. ఇంట్లో వంట వచ్చినవాణ్ణి హోటలువాడు మోసగించలేడు. తమిళనాడు 1994లో ప్రత్యేక సంస్థను ఏర్పరచి, మందులను తయారీదారుల నుండి టెండర్ల ద్వారా నేరుగా, పెద్ద మొత్తంలో కొని, తన ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చింది. అంగడి ధరకు, అసలు ధరకు మధ్య ఉన్న అంతరం అప్పుడు లోకానికి తెలిసింది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమైంది. తొలి నెలలలో తెలంగాణ భారమంతా సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి మీద పడింది. జూన్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు అనుమతిస్తూ ప్రభుత్వం రోజుకు సాధారణ వార్డుకు 4,000, వెంటిలేటరు లేని ఐ.సి.యు.కు 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలుగా ధరలు నిర్ణయించింది. లక్షలలో బిల్లులు వేశారన్న ఫిర్యాదులు వెల్లువెత్తగా కొన్ని ఆసుపత్రులకు అనుమతి రద్దు చేసింది. రద్దు చేసిన మర్నాడు రోగులను పంపడానికి ప్రభుత్వానికి సొంత చోటు ఉన్నది. లేకుంటే ఆ ఉత్తర్వు వట్టి కాగితమే.

ప్రభుత్వం, అంగడి అనే రెండు దారులే ఉన్నాయనుకోవడం కూడ సరికాదు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాభాపేక్ష లేనిది. చెల్లించగలవారి రుసుముతో చెల్లించలేనివారికి ఉచితంగా చికిత్స చేస్తుంది. ఇద్దరికీ శస్త్రచికిత్స ఒక్కటే. ఈ నమూనా కంటికి చక్కగా అమరింది. కంటిపొర ఆపరేషను తక్కువ సమయంలో, ఒకే పద్ధతిలో, పెద్దసంఖ్యలో చేయగలిగినది. నెలల తరబడి సాగే క్యాన్సరు చికిత్సకు అదే లెక్క కుదురుతుందని చెప్పలేం.

ప్రభుత్వాలు ఆరోగ్యానికి చేసే వ్యయం 2021–22లో స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి దీన్ని 2.5 శాతానికి పెంచాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యంగా పెట్టుకొన్నది. ఈ సొమ్ములో ఎంత కార్డుల ద్వారా పెద్దాసుపత్రులకు పోవాలి, ఎంత మండలంలోని ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నర్సుకు, రక్తపరీక్షల గదికి పోవాలి అన్నదే నేటి వాదంలోని అసలు కీలకం. నా దృష్టిలో రెండవదాన్ని ఎండగట్టి మొదటిదాన్ని పెంచడం, చెరువు పూడ్చి ట్యాంకరుతో నీళ్ళు కొనడం వంటిది. ట్యాంకరు ఆ పూటకు దాహం తీరుస్తుంది, కాదనలేం. రేటు మాత్రం ట్యాంకరువాడే చెప్తాడు. దీనితో ఏకీభవించనివారు ఉన్నారు. తాళం పడిన ఆరోగ్య కేంద్రానికి ఇంకెంత పోసినా వృథా అని వారి వాదన. తాళం తీయించే ఉపాయం చూపకుండా వారికి జవాబు చెప్పడం కష్టమే.

2023 మార్చిలో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించింది. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ముందుగా డబ్బు కట్టించుకోకుండానే చికిత్స చేయాలన్నది అందులో ప్రధాన నిబంధన. ప్రైవేటు వైద్యులు వీధులకెక్కారు. “హక్కు ఇచ్చినది మీరు, ఖర్చు మాదా? అత్యవసరమంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? మాకు ఎవరు, ఎప్పుడు చెల్లిస్తారు?” అని అడిగారు. రెండు వారాలకు పైగా ఆసుపత్రులు మూతపడ్డాయి. ఏప్రిల్ 4న రాజీ కుదిరింది. ప్రభుత్వం నుండి రాయితీపై స్థలం గాని, ఇతర సహాయం గాని పొందని ప్రైవేటు ఆసుపత్రులను చట్టం పరిధి నుండి మినహాయించడానికి ప్రభుత్వం అంగీకరించింది. మరునాటి నుండి ఓ.పి. చీట్ల కోసం వరుసలు మళ్ళీ మొదలయ్యాయి.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వైద్యం తక్కిన సరకుల వంటిది కాదని చెప్పడానికి పాఠంలో చూపిన కారణాలను వివరించండి. వాటికి స్వేచ్ఛా విపణివాదులు ఏ సమాధానం చెప్పవచ్చునో ఊహించి రాయండి.
2. ఆరోగ్యశ్రీ పథకం సాధించిన మేలును, ఎదుర్కొన్న చిక్కులను చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘ధర్మాసుపత్రి’ అన్న మాటలో రచయిత గమనించిన రెండు అర్థాలేవి?
2. ఉద్దానం ఉదాహరణ ద్వారా రచయిత చెప్పదలచినదేమిటి?
3. ప్రభుత్వానికి సొంత ఆసుపత్రులు ఉండడం వల్ల ప్రైవేటు వైద్యం ధరలపై కలిగే ప్రభావం ఎట్టిది?

భాషాంశం
‘ధర్మాసుపత్రి’ అన్న సమాసంలో ఒకటి సంస్కృతపదం, మరొకటి అన్యదేశ్యం. మీ ఊళ్ళో వాడుకలో ఉన్న ఇటువంటి మిశ్రమ పదాలను ఐదింటిని సేకరించండి.